బండి తోక మీద పెట్టె

పాట మధ్యలో మాట మరిచిపోతే ఏం గతి? కొన్నాళ్లుగా సంజన్నను ఈ ఒక్క దిగులే కొరుక్కు తింటోంది.

గుట్ట మీది మఠంలో ఏటేటా ఆరాధన జరుగుతుంది. చుట్టుపక్కల తత్వాలు పాడే గుంపులన్నీ అక్కడికి చేరతాయి. ఇన్నేళ్లూ హంపమ్మవ్వ ముందు నిలబడి పాడితే, ఆమె శిష్యుడు సంజన్న వెనక నిలబడి వంత పాడాడు. ఈ ఏడు అవ్వ, "నా గొంతు అరిగిపోయిందిరా. ముందు నువ్వు నిలబడు" అంది.

అంతే. సంబరం ఒక పక్క, దడ ఒక పక్క. అన్నం తింటూ పాడుకున్నాడు. ఎద్దులకు నీళ్లు పెడుతూ పాడుకున్నాడు. పాడిన ప్రతిసారీ ఎక్కడో ఒక మాట జారిపోయేది.

ప్రయాణం నాటి పొద్దున అవ్వ బయటికి వచ్చేసరికి, గూడుబండి వెనక కొత్త చెక్క ఒకటి తోకలా పొడుచుకు వచ్చి ఉంది. దాని మీద ఇనుప పెట్టె. అవ్వ పాడిన తత్వాలన్నీ రాసిన కాగితాల కట్టలు దాని నిండా. పెట్టె మీద ఇంకో తంబుర, ఇంకో జత తాళాలు, చమురు డబ్బా. అన్నిటినీ కలిపి మోకుతో బిగించేశాడు సంజన్న.

"గూట్లో నువ్వు కాళ్లు చాపుకోవాల గదవ్వా, అందుకే వెనక కట్టినా. ఇంక ఏ మాట మరిచినా భయం లేదు, పెట్టెలో ఉంటాది."

డోలు వాయించే కుళ్లాయప్ప ఆ తోక చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

"సంసారమంతా కట్టినావే! పెండ్లాన్ని మరిచినట్టుండావు, ఆమెను కూడా కట్టు."

అవ్వ నవ్వింది. పెట్టె వంక ఒకసారి చూసింది. బండెక్కి కూర్చుంది.

చదును దారిలో బండి గలగలలాడుతూ సాగింది. దారి పొడుగునా బండ్లే బండ్లు. ఎవరి డోలు వాళ్లు వాయించుకుంటున్నారు. "ఏం సంజన్నా, ఈ పొద్దు నీ పాటేనంట గదా!" అని పక్కబండి వాళ్లు కేకేస్తే, "వచ్చి వినండప్పా!" అని ఇతనూ కేకేశాడు. వాళ్లు ముందుకు పోగానే మళ్లీ మొదటి చరణం నుంచి గొణుక్కున్నాడు.

గుట్ట ఎక్కుడు మొదలైన చోట జోడెద్దుల్లో మచ్చెద్దు నిలబడిపోయింది. మోర పైకెత్తి, నాలుక బయటపెట్టి దగ్గింది.

"అయ్యో, పొద్దు వాలుతాంది అవ్వా! మొదటి పాట మనదే! దీనికి ఒళ్లు బలిసి నిలబడింది చూడు." సంజన్న చెర్నాకోల ఎత్తాడు.

ఎత్తిన చెర్నాకోల దిగలేదు. దాని కొస అవ్వ చేతిలో ఉంది.

అవ్వ బండి దిగింది. "కుళ్లాయప్పా, చక్రాల వెనక రాళ్లు పెట్టు. మచ్చెద్దును విప్పు." తర్వాత శిష్యుడి వైపు తిరిగింది. "దాని చోట్లో నువ్వు నిలబడు."

"నేనా?"

"నువ్వే."

గురువు మాట. సంజన్న వంగి కాడి కింద మెడ పెట్టాడు. కుళ్లాయప్ప నవ్వాపుకుంటూ, ఎద్దుకు వేసినట్టే గొంతు కింద నుంచి మెడతాడు వేశాడు.

బరువు మీద పడుతుందని సంజన్న పళ్లు బిగించాడు. పడలేదు. వెనక తోక కిందికి వంగి, కాడి పైకి లేచింది. మెడతాడు గొంతుకు బిగుసుకుంది. మడమలు నేల విడిచాయి.

"బరువుగా ఉందా?" అడిగింది అవ్వ.

"లే... లేదవ్వా. పైకి గుంజుతాంది."

"సరే. పాడు."

సంజన్న నోరు తెరిచాడు. దగ్గు వచ్చింది. అచ్చం మచ్చెద్దు దగ్గినట్టే వచ్చింది. కుళ్లాయప్ప నవ్వు ఆగిపోయింది.

అవ్వ బండి వెనక్కి నడిచి మోకు ముడి విప్పింది. కుళ్లాయప్ప పరుగున పోయి పెట్టెను లోపలికి నెట్టాడు. ఇరుసు మీదికి వచ్చేదాకా నెట్టమంది అవ్వ.

కాడి మెల్లగా దిగింది. దిగి సంజన్న మెడ మీద కుదురుగా కూర్చుంది. గొంతు దగ్గర తాడు వదులైంది. రెండు మడమలూ నేలకు ఆనాయి.

"ఇప్పుడు?"

"బరువుగా ఉందవ్వా."

"పాడు."

ఏ మాట ముందో ఏ మాట వెనకో తలుచుకునే లోపలే పాట వచ్చేసింది. కాడి మోస్తూ, ఎదురుగా గుట్టను చూస్తూ, చివరి చరణం దాకా పాడాడు. పైకి పోయే బండ్లు ఆగిపోయాయి. "ఎద్దు పాడుతాంది రారండోయ్!" అని ఎవడో అరిచాడు. అందరూ గొల్లుమన్నారు. అందరికంటే గట్టిగా సంజన్నే నవ్వాడు. తర్వాత మచ్చెద్దును కట్టి, దాని గొంతు కింద చాలాసేపు నిమిరాడు. బండి ఆగకుండా గుట్ట ఎక్కింది.

దీపాలు పెట్టే వేళకు మఠం వాకిట్లో జనం కిక్కిరిశారు. సంజన్న పేరు పిలిచారు.

"పెట్టె దించేదా?" అన్నాడు కుళ్లాయప్ప.

సంజన్న మెడ మీద ఎర్రగా కందిన చోట తడుముకున్నాడు. "బండిలో ఉండనీలే" అని ముందుకు పోయాడు.

మూడో చరణంలో మాట జారిపోయింది. నాలుగు తాలూకాల జనం చూస్తున్నారు. సంజన్న రెండు మడమలూ నేలకు ఆనించాడు. డోలు మోగుతూనే ఉంది. పోయిన మాట రాలేదు. దాని తరవాతి మాట వచ్చింది. పాట సాగిపోయింది. జనం ఈలలు వేశారు.

తెల్లారి బండి కడుతుంటే, "ఒక మాట వదిలేసినావే" అంది అవ్వ.

"అవునవ్వా. పెట్టెలో ఉంది."

అవ్వ గూట్లోకి ఎక్కి, ఇరుసు మీది పెట్టెను చేత్తో ఒకసారి తట్టి, దాని మీద కూర్చుంది.

"ఉండనీ. కూర్చునేందుకు బాగుంది."