ఎనిమిది మందితో కొండెక్కిన రోజు

పెద్ద ప్రశ్న అడిగినవాళ్ళకి సుబేదార్ తవిటినాయుడు గారు ఆ పూట జవాబు చెప్పేవారు కాదు. ఏదో ఒక పని అప్పగించేవారు. ఇరవై రెండేళ్ళు సైన్యంలో, అందులో పన్నెండేళ్ళు కమాండో దళంలో గడిపి వచ్చిన మనిషి ఆయన. పార్వతీపురం వైపు ఒక కాలేజీలో ఎన్‌సీసీ క్యాడెట్లకు శిక్షణ ఇస్తుండేవారు.

ఆ కాలేజీలో లోహిత్ సీనియర్ క్యాడెట్. కమాండో ఆఫీసరు కావాలన్నది పదో తరగతి నుంచీ అతని కోరిక. ఆ వేసవిలో సైన్యం సెలక్షన్ బోర్డు జరిపే ఐదు రోజుల ఇంటర్వ్యూకి వెళ్ళాడు. ఐదో రోజు ఎంపికైనవాళ్ళ నంబర్లు చదివారు, అందులో అతనిది లేదు. ఇంటికొచ్చాక దిక్కు తోచలేదు. ఎన్‌సీసీ కోటాలోనే మళ్ళీ ప్రయత్నించమని ఒకరు, ఆఫీసర్ల రాతపరీక్ష రాయమని ఇంకొకరు, ముందు జవానుగా చేరిపొమ్మని మరొకరు. ఏ ఏడు ఎక్కడ ఉండాలో నోటుబుక్కులో మూడు రకాలుగా రాసుకున్నాడు. ఒకటి చదివితే అదే సరైనదనిపించేది. రెండోది చదవగానే మొదటిది పిచ్చిపనిలా కనబడేది. ఈలోగా తండ్రి బ్యాంకు పరీక్ష వివరాలు తెచ్చి, ఆదివారంలోగా ఏదో ఒకటి తేల్చుకోమన్నారు.

శుక్రవారం పరేడ్ అయ్యాక లోహిత్ సుబేదారు గారి దగ్గరకు వెళ్ళాడు. "సార్, ఏ దారిలో వెళ్తే మీరున్న దళానికి చేరతాను?"

"రేపు ఆరింటికి ఎనిమిది మంది ఫస్టియర్ వాళ్ళని తీసుకుని టవరు కొండెక్కు. దారి నువ్వే చూసుకో. తొమ్మిదింటికి నేను పైన ఉంటాను."

తన ప్రశ్న ఆయనకి వినబడలేదేమో అనుకున్నాడు లోహిత్. అయినా సాయంత్రమంతా మ్యాపు ముందు కూర్చుని, ఏ మలుపుకి ఎన్ని నిమిషాలు పడుతుందో లెక్క వేశాడు.

మర్నాడు సగం కొండ దాకా అంతా అనుకున్నట్టే జరిగింది. ఆ పైన దారి లేదు. మ్యాపులో గీత ఉన్న చోట రాతి క్వారీ నోరు తెరుచుకుని ఉంది. అతను మ్యాపు తిప్పి చూశాడు, దిక్సూచి చూశాడు, మళ్ళీ మ్యాపు చూశాడు. ఎనిమిది మందీ అతను ఎటు కదులుతాడా అని చూస్తూ వెనకే నిలబడ్డారు. టైము ఎనిమిదింపావు. క్వారీ అంచు వెంట అడుగు వెడల్పున రాతి గట్టు ఒకటి అవతలి దాకా కనిపిస్తోంది. "ఒకరి వెనక ఒకరు రండి" అని దాని మీదకి దిగాడు.

పది అడుగులు వేశాక రాళ్ళు జారి కింద పడుతున్న చప్పుడైంది. వెనక్కి చూశాడు. తులసి అనే సన్నపాటి అమ్మాయి పక్కనున్న రాతిగోడకి వీపు ఆనించి ఉంది. వేళ్ళతో రాతిని గట్టిగా పట్టుకుంది. అయినా ఇంకో అడుగు వేయబోతోంది.

"భయమేస్తే చెప్పాలి కదా" అన్నాడు.

"మీరు వెళ్తున్నారు కదన్నా. ఇదే దారి అనుకున్నాం."

అది దారో కాదో అతనికే తెలియదు. వెనక ఉన్నవాళ్ళని ముందు తిప్పి పంపి, తులసి చెయ్యి పట్టుకుని ఒక్కో అడుగూ వెనక్కి వేయించాడు. గట్టు దాటి వచ్చాక అందరినీ కూర్చోబెట్టి, "నాకు ఈ కొండ తెలీదు. తెలిసినట్టు నడిచాను" అని చెప్పాడు. ఒకడు, కింద మలుపులో చీపుర్లు కోసుకుంటున్న ఒకావిడ కనిపించిందని గుర్తు చేశాడు. దిగి వెళ్ళి ఆమెని అడిగారు. ఆమె కొడవలితో వాగు వైపు చూపించింది. అది చుట్టుదారి. ఒకడికి బూటు కరిచి కాలు పుండైతే అతని సంచి లోహిత్ మోశాడు.

పైకి చేరేసరికి పదకొండు దాటింది. టవరు నీడలో బండ మీద కూర్చుని ఉన్న సుబేదారు గారు వాచీ చూడలేదు. ఒక్కొక్కరినీ తలెత్తి చూసి, తొమ్మిది మందీ వచ్చారని నిర్ధారించుకున్నారు.

లోహిత్ జరిగింది జరిగినట్టు చెప్పాడు. రాతి గట్టు సంగతి కూడా దాచలేదు. చెప్పడం అయ్యాక తల దించుకునే అన్నాడు: "ఈ చిన్న కొండకే దారి తప్పాను సార్. నిన్న అడిగినదానికి మీరింకా ఏమీ చెప్పలేదు. ఎటు వెళ్ళాలో నాకింకా తెలియడం లేదు."

ఆయన తన నీళ్ళ సీసా తీసి అతని చేతికిచ్చారు. లోహిత్ దాన్ని తులసికిచ్చాడు. అది ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి మారుతుంటే ఆయన చూస్తూ కూర్చున్నారు.

"బోర్డు వాళ్ళు ఈసారి నిన్నేం అడుగుతారో నాకు తెలీదు బాబూ" అన్నారు చివరికి. "నువ్వు ఏ దారిలో చేరినా, నీ వెనక నడిచేవాళ్ళు మాత్రం ఏమీ అడగరు. నువ్వు వెళ్తున్నావు కదా అని వచ్చేస్తారు."