షమీమ్ తప్పు పట్టిన పేపరు

శిష్యులు అడిగిన ప్రశ్నకు డాక్టర్ గంటి విశ్వపతి గారు అక్కడికక్కడ జవాబు చెప్పేవారు కారు. విననట్టే ఊరుకుని, తర్వాత ఎప్పుడో అడిగినవాణ్ణి వెంటబెట్టుకుని ఎక్కడికో బయల్దేరేవారు. విశాఖపట్నంలో నోటి క్యాన్సర్‌కు ఆపరేషన్ అంటే జనం ముందు తలుచుకునే పేరు ఆయనది. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న డాక్టర్ నీలాద్రికి ఈ అలవాటు బాగా తెలుసు. తెలిసీ ఒకరోజు అడిగాడు.

ఆ ఏడాది ఒక జాతీయ పురస్కారానికి గురువుగారి పేరు పంపే పని అతని మీద పడింది. ఆయన రాసిన పరిశోధన పత్రాలేమిటి, వాటిని ఎంతమంది వైద్యులు తమ రాతల్లో ఉదహరించారు అన్నది చూపించాలి. ఆ ఉదహరింపుల్నే సైటేషన్లంటారు. గొప్పను వాటితోనే కొలుస్తారు. విశ్వపతి గారి పత్రాల్లో చాలామటుకు ఓ మోస్తరుగా నడిచినవే. ఒక్కటి మాత్రం ఆయన పేరును దేశాలు దాటించింది. బుగ్గకో నాలుకకో వచ్చిన క్యాన్సర్ తొలిదశలో ఉన్నా సరే, జబ్బు పాకే వీలున్న, మెడలో భుజానికి వెళ్ళే నరం వెనక దాగిన గ్రంథుల్ని వదలకుండా తీసేయాలని అందులో వాదించారు. అప్పటినుంచి ఎందరో సర్జన్లు ఆ పద్ధతే పట్టారు.

ఆ సైటేషన్లు వెతుకుతుంటే నీలాద్రికి అమలాపురంలో పనిచేసే డాక్టర్ షమీమ్ అనే ఆవిడ పత్రం తగిలింది. తొలిదశలో ఆ గ్రంథుల జోలికి పోనక్కర్లేదనీ, వాటికోసం నరాన్ని పక్కకు లాగిపట్టడం వల్లే రోగుల చెయ్యి పైకి లేవకుండా పోతోందనీ ఆవిడ రాసింది. విశ్వపతి గారి పేరెత్తి మరీ తప్పు పట్టింది. నీలాద్రికి ఒళ్ళు మండింది. కానీ తిట్టినా పొగిడినా, పురస్కారం వాళ్ళ లెక్కలో సైటేషన్ సైటేషనే.

“సార్, మనల్ని తప్పు పట్టినవాళ్ళని కూడా మన గొప్పకింద వేసుకోవచ్చా?” అని అడిగాడు.

విశ్వపతి గారు ఆ పత్రం తీసుకుని నింపాదిగా చదివారు. “ఆవిడ ఆపరేషన్లు ఏ రోజుల్లో చేస్తుందో కనుక్కో,” అన్నారు.

అప్పుడు వార్డులో ఢిల్లేసు అనే అతను ఉన్నాడు. ఉద్దానంలో కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపడం అతని బతుకు. ఖైనీ నొక్కిన చోటే బుగ్గలో పుండు పడింది, తొలిదశ క్యాన్సర్. ఆపరేషన్ తర్వాత భుజం బలహీనపడవచ్చని నీలాద్రి చెప్పినప్పటినుంచి అతను సరిగ్గా తినడం లేదు. “సెట్టెక్కే సెయ్యి బాబూ ఇది. ఇదే పోతే నానేటి సెయ్యాల?” అని కనబడిన ప్రతి డాక్టర్నీ అడుగుతున్నాడు.

ఇద్దరూ అమలాపురం వెళ్ళేసరికి షమీమ్ ఆపరేషన్‌కు సిద్ధమవుతోంది. విశ్వపతి గారిని చూసి బిగుసుకుపోయింది. “నాతో వాదించడానికి వచ్చారా సార్?”

“చూడ్డానికి వచ్చానమ్మా. పక్కన నిలబడనిస్తావా?”

ఆపరేషన్ అయ్యేదాకా ఆయన ఆవిడకు ఎదురుగా, కొత్తగా చేరిన జూనియర్‌లా, కోసినచోటును తెరిచిపట్టే కొక్కెం పట్టుకుని నిలబడ్డారు. నీలాద్రికి తల కొట్టేసినట్టయింది. మధ్యమధ్య ఆయన ఆవిణ్ణి ఆపి ప్రశ్నలు వేశారు. ఒకచోట ఒప్పుకోనని గట్టిగానే అన్నారు. ఆవిడా తగ్గలేదు. తర్వాత ఆవిడ తన పాత రోగుల్ని పిలిపించింది. చేతులెత్తమంటే అందరూ తేలిగ్గా ఎత్తారు. ఆఖరున ఒక పెద్దాయన్ని ఆవిడే ముందుకు తీసుకొచ్చింది. “ఈయనకు మెడలో మళ్ళీ వచ్చింది సార్. నేను వదిలినచోట కాదు, కిందివైపు. అయినా ఈయన వచ్చినప్పుడల్లా నాకు గుండె ఆగినంత పనవుతుంది.” విశ్వపతి గారు ఆ మెడను చాలాసేపు తడిమి చూశారు.

ఆ వారమంతా ఆయన తన పాత రోగుల్ని రప్పించుకున్నారు. వాళ్ళు బతికారు. ఆయన పత్రంలో రాసింది అదే, అది నిజమే. ఇప్పుడు చేతులెత్తమన్నారు. కొందరు ఎత్తారు. కొందరి చేతులు భుజం దాకా వచ్చి ఆగిపోయాయి. ఒకావిడకు ఆపరేషన్ అయినప్పటినుంచీ కూతురే జడ వేస్తోందట. ఇంతకాలం ఆయన అడగలేదు, ప్రాణం నిలబెట్టిన డాక్టరు గారితో జడ సంగతేమిటని ఆవిడా చెప్పలేదు.

తర్వాత ఆయన ఢిల్లేసు మంచం పక్కన కూర్చున్నారు. “లోపలి గ్రంథుల్ని వదిలేస్తే నీ చెయ్యి నిలబడుతుంది. జబ్బు ఏ మూలో మిగిలిపోయే భయం కొంచెం ఉంటుంది. అది నేను లేదనను. ఏమంటావు?”

ఢిల్లేసు తన కుడిచేతి వంక చూసుకున్నాడు. “ఒగ్గేయండి బాబూ,” అన్నాడు.

ఆపరేషన్‌లో ఆ నరం దగ్గరికి వచ్చినప్పుడు ఆయన చెయ్యి అలవాటుకొద్దీ దాని వెనకకు పోబోయి ఆగింది. అక్కడి గ్రంథుల్ని ముట్టకుండా ముందుకు సాగిపోయింది.

ఆ తర్వాత విశ్వపతి గారు మరొక పత్రం రాశారు. తొలిదశ రోగుల విషయంలో తన పాత సలహాను ఎవరూ పాటించవద్దని అందులో తేటతెల్లంగా చెప్పారు. రచయితలుగా షమీమ్ పేరు ముందు పెట్టి, తన పేరు వెనక పెట్టారు. పురస్కారం తేలేవరకైనా ఆగమని నీలాద్రి బతిమాలాడు. ఆయన ఆగలేదు. పురస్కారం మరొకరికి వెళ్ళింది.

ఢిల్లేసు మళ్ళీ చెట్లెక్కుతున్నాడు. పరీక్షకు వచ్చినప్పుడల్లా నీలాద్రి అతని మెడను తడిమి చూస్తాడు. ఇప్పటిదాకా ఏమీ లేదు.

కొన్నేళ్ళ తర్వాత ఒక సాయంత్రం నీలాద్రి కంప్యూటర్ ముందు కూర్చుని, గురువుగారు బాధపడతారేమోనని కాస్త తటపటాయించి చెప్పాడు. “సార్, మీ పెద్ద పేపర్‌ను ఇప్పుడు ఎవరూ ఉదహరించడం లేదు. దాదాపు ఆగిపోయింది.”

విశ్వపతి గారు రౌండ్స్‌కు లేస్తూ, “మంచిది,” అన్నారు. “రెండోది చదివారన్నమాట.”