ఉత్త తమలపాకు

అనగా అనగా, మన తాతల తాతలు ఇంకా ఉయ్యాలలో ఉన్న రోజుల్లో, మణిగిరి అని ఒక రాజ్యం ఉండేది. ఆ రాజ్యంలో ప్రతి పున్నమికీ పొద్దు వాలే వేళ కోట ముందు నవ్వుల కొలువు జరిగేది. ఊరూవాడా వచ్చి కూర్చునేవారు. ఒకే ఒక్క హాస్యకథ చదివేవారు. వేలమంది ఒక్కసారిగా నవ్వితే, బురుజుల మీది పావురాలన్నీ లేచి ఆకాశాన్ని కమ్మేసేవి. చూసినవాళ్ళకు ఒళ్ళు గగుర్పొడిచేది. మరి నవ్వంటే ఏమనుకున్నారు?

ఆ కథ ఎవరైనా రాయవచ్చు. తాటాకు మీద రాసి కోటకు పంపాలి. నచ్చితే ఆకూ వక్కా కలిపి తాంబూలం వచ్చేది, పైన పట్టుబట్ట. నచ్చకపోతే, రాసిన తాటాకుతో పాటు వక్క లేని ఉత్త తమలపాకు తిరిగి వచ్చేది. ఎందుకు నచ్చలేదో ఒక్క ముక్క చెప్పేవారు కాదు. అది ఆ కోట ఆచారం.

ఆ రాజ్యంలోనే కూర్మయ్య అని ఒకడు ఉండేవాడు. అతనికి ఏ కొలువూ లేదు. పెళ్ళిళ్ళకీ జాతరలకీ, ఎవరడిగితే వాళ్ళకి హాస్యకథలు రాసిచ్చి బతికేవాడు. పని దొరికిన రోజు పండగ, దొరకని రోజు గంజి. భార్య పైడమ్మ ఓపిక పట్టింది, పట్టింది, చివరికి ఒకనాడు చెప్పేసింది.

"ఏమండీ, మూడు పున్నములు చూస్తాను. కోట నుంచి తాంబూలం వస్తే సరే. రాకపోతే మా అన్నయ్య గానుగలో పనికి వెళ్ళండి."

గానుగకు వెళితే తెల్లవారింది మొదలు పొద్దుగూకేదాకా నూనె తీయడమే. ఇక రాత మాటే ఉండదు.

మొదటి పున్నమికి, మగపెళ్ళివారితో పాటు విడిదిలో దిగిన మేక కథ రాశాడు. రాస్తూ తనే పడి పడి నవ్వుకున్నాడు. ఉత్త ఆకు వచ్చింది.

"వాళ్ళకు నవ్వడం చేతకాదు" అని మూతి ముడుచుకుని కొలువుకు వెళ్ళాడు. నవ్వనే నవ్వనని పళ్ళు బిగబట్టి కూర్చున్నాడు. ఆనాడు చదివింది కుమ్మరి సూరమ్మ రాసిన కుండ కథ. నాలుగు మాటలు వినేసరికి కూర్మయ్య పక్కవాడి భుజం మీద పడి నవ్వాడు. అంత నవ్వు ఒక్క తాటాకులో ఎలా ఇమిడిందా అని నోరు తెరుచుకుని చూశాడు.

"అలాగా, అయితే నేనూ అదే రాస్తా" అనుకుని రెండో పున్నమికి బిందె కథ రాశాడు. మళ్ళీ ఉత్త ఆకే.

మూడోసారి ఏం రాయాలో తోచలేదు. తోచక, తను కళ్ళారా చూసిందే రాశాడు. ఒక పెద్దమనిషి తన గురకకు తనే ఉలిక్కిపడి లేచి, "దొంగ, దొంగ" అని కర్ర పుచ్చుకుని ఇల్లంతా వెతుకుతాడు. ఊరంతా లేచి వెతుకుతుంది. దొంగ దొరకడు. ఆయన పడుకోగానే మళ్ళీ వస్తాడు. పేరు మార్చాడు గానీ, ఆ పెద్దమనిషి మరెవరో కాదు, పైడమ్మ అన్నయ్య, గానుగ గవరయ్యే.

దానికీ ఉత్త ఆకే వచ్చింది.

"నాకు నవ్వించడం రాదని తేలిపోయింది" అనుకున్నాడు కూర్మయ్య. ఏడుపు వచ్చింది, ఏడ్చాడు. గానుగకు పోయేముందు తన కథలు చదివినవారి ముఖమైనా చూడాలని కోటకు బయలుదేరాడు.

కాపలావాడు లోపలికి దారి చూపించాడు. కూర్మయ్య గడప మీదే ఆగిపోయాడు. నేల నుంచి దూలాల దాకా తాటాకులే. పడవ నడిపేవాళ్ళు పంపినవి, చెరసాల భటులు పంపినవి, అత్తగారికి తెలియకుండా వంటింట్లో కూర్చుని కోడళ్ళు రాసినవి. రాజ్యమంతా ఇలా పక్కవాళ్ళను నవ్వించడానికి తంటాలు పడుతోందా? ఇన్నాళ్ళూ తనొక్కడే అనుకున్నాడు. అతని చేతులు వాటంతటవే జోడయ్యాయి.

ఆ ఆకుల మధ్య, కొలువుకు కథలు ఎంచే ఎనభై ఏళ్ళ సోమిదేవమ్మ కూర్చుని ఒక కథ పైకి చదువుతోంది. చదివి, పక్కన పెట్టకుండా మళ్ళీ చదివింది. ఆ పైన ఇంకోసారి చదివింది. ప్రతి కథనూ అలా మూడుసార్లు చదవందే ఆమె ఏ మాటా చెప్పదట.

"అమ్మా, నేను కూర్మయ్యను. నాకు మూడు ఉత్త ఆకులు పంపారు."

"గురక కథ కూర్మయ్యవా? రా నాయనా, కూర్చో. అది చదివి మూడు రోజులు డొక్కలు పట్టేశాయి" అని మళ్ళీ నవ్వడం మొదలుపెట్టింది.

కూర్మయ్య తెల్లబోయాడు. "మరి తాంబూలం ఇవ్వలేదేమమ్మా?"

"పున్నమి ఒకటి, కథ ఒకటి. వచ్చినవి మూడువందల పైచిలుకు. నీకన్నా పిసరంత బాగా ఒక చాకలాయన రాశాడు."

"మరి ముందు పంపినవి?"

"మేక కథలో నవ్వంతా నువ్వే నవ్వేశావు, మాకేం మిగల్చలేదు. బిందె కథ సూరమ్మది, నీది కాదు. గురక కథ నీది, కొద్దిలో తప్పింది. మూడింటికీ పంపింది మాత్రం ఒకే రకం ఆకు. మా దగ్గర రెండో రకం లేదు నాయనా."

"నలభై ఏళ్ళుగా ఇవన్నీ చదువుతున్నారట. విసుగు రాదా అమ్మా?"

"రేపు ఏం వస్తుందో తెలియదు కదా" అంది ముసలావిడ, ఇంకో తాటాకు అందుకుంటూ. ఆ కళ్ళలో మెరుపు చూసి కూర్మయ్య మరోసారి చేతులు జోడించి సెలవు తీసుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి వాకిట్లో గవరయ్య బండి ఉంది. "పద బావా, పొద్దుపోతోంది" అన్నాడు గవరయ్య.

కూర్మయ్య కోటలో జరిగిందంతా చెప్పాడు. "ఉండన్నయ్యా, ఆ పెద్దావిడనే అంత నవ్వించిన కథేదో మనమూ విందాం" అంది పైడమ్మ.

కూర్మయ్య బిక్కుబిక్కుమంటూ గురక కథ చదివాడు. సగంలోనే గవరయ్య పీట మీంచి జారిపోయాడు. నవ్వి నవ్వి ఊపిరాడక పొట్ట పట్టుకున్నాడు. "ఎవడు బావా వాడు? అచ్చం మా పక్కింటివాడే" అన్నాడు. పైడమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

గవరయ్య కళ్ళు తుడుచుకుని లేచాడు. "గానుగకు ఇంకెవర్నైనా చూసుకుంటాలే. నువ్వు రాసుకో" అని ఖాళీ బండి తోలుకుపోయాడు. వీధి మలుపు తిరిగినా ఆ నవ్వు వినిపిస్తూనే ఉంది.

"మా నాన్న పోయాక అన్నయ్య నవ్వగా చూడడం ఇదే" అంది పైడమ్మ మెల్లగా. కూర్మయ్య తన చేతులకేసి, అవి తనవేనా అన్నట్టు చూసుకున్నాడు. "వచ్చే పున్నమికి ఏం రాస్తున్నారు?" అని అడిగింది ఆమె.

నాలుగో పున్నమికి తాంబూలం వచ్చిందా అంటే, రాలేదు. అయిదోదానికీ రాలేదు, ఆరోదానికీ రాలేదు. ఏడో పున్నమికి వచ్చింది.

కాబట్టి పిల్లలూ, తిరిగి వచ్చిన రాతను చూసి రాసే చేతిని శంకించకూడదు: వారు కాదన్నది ఆ ఒక్క రాతను, మిమ్మల్ని కాదు.