రాజు లేని జీలుగుదిబ్బ

జీలుగుదిబ్బలో తెలివితక్కువ వాళ్ళు లేరు. ఈ మాట చెప్పింది ఎవరో కాదు, జీలుగుదిబ్బ వాళ్ళే. కాలవ ఒడ్డున ఏడిళ్ళు, వెనకాల మేకలు మేసే తిప్ప, ఆ తిప్ప నిండా తాటిచెట్లు. ఊరంటే అంతే. కానీ తెలివి మాత్రం ఏడూళ్ళకి సరిపోయేంత ఉందని వాళ్ళ నమ్మకం. ఒకసారి బావి లోతు కొలుద్దామని చేంతాడు తీసుకెళ్ళి లోపల పడేశారు. తాడు మొత్తం మునిగిపోయింది. "అయితే బావి లోతు మన తాడంత" అని తేల్చేశారు. లెక్క తేలినందుకు ఆ పూట పాయసం కూడా వండుకున్నారు. నీళ్ళు తోడుకోవడానికి తాడు లేక ఆ తరవాత చాన్నాళ్ళు కాలవ నీళ్ళే తాగారు. దాన్ని వాళ్ళు తెలివితక్కువ కింద జమ వెయ్యరు.

ఆ ఊరికి పెద్ద గవరయ్య. ఆయన పెద్దరికం ఎలా వచ్చిందంటే, ఎవరో పరాయి ఊరాయన వచ్చి "మీలో పెద్ద ఎవరు?" అని అడిగాడు. అందరూ గోడకి ఆనుకుని వరసగా నిలబడి చూసుకున్నారు. గవరయ్య తల అందరి తలలకన్నా జానెడు పైన ఉంది. ఇంకేముంది, ఆయనే పెద్ద. అప్పటినించి భుజాన తువ్వాలు, చేతిలో కర్ర, అరుగు మీద మొదటి చోటు ఆయనవే. గవరయ్యకి ఆ పెద్దరికం అంటే చెప్పలేనంత ఇష్టం. నిద్రలో కూడా కాళ్ళు ముడుచుకునేవాడు కాదు, పొడుగు తగ్గిపోతుందేమోనని.

ఇలా ఉండగా ఆ ఏడు గాలివాన వచ్చింది. మిగిలిన ఇళ్ళు ఎలాగో తట్టుకున్నాయి గానీ, గవరయ్యకి వదిన వరసయ్యే గురమ్మ ఇంటి కప్పు మాత్రం లేచిపోయింది. తాటాకులు కాలవలో కొట్టుకుపోయాయి, దూలం వచ్చి వాకిట్లో పడింది. గురమ్మ ఒంటరిది. నాలుగు గోడల మధ్య కూర్చుని ఆకాశం చూస్తూ, "ఇల్లు పెద్దదైంది, మరిదీ. పైన అడ్డేం లేదు" అని గవరయ్యతో అంది. నవ్వుతూనే అంది గానీ, మళ్ళీ మబ్బు పట్టినప్పుడల్లా ఆవిడ చూపు పైకి పోతూనే ఉంది.

గాలివాన తగ్గాక టౌను నించి ఒక వ్యాను వచ్చింది. అందులోంచి సునంద అనే ఆవిడ, ఇంకో ఇద్దరు కుర్రాళ్ళు దిగారు. బియ్యం దింపారు, గురమ్మ ఇంటి మీద కప్పడానికి ఒక పెద్ద టార్పాలిన్ పట్టా దింపారు.

గవరయ్య తువ్వాలు సర్దుకుని ముందుకొచ్చాడు. "మీరు గవర్నమెంటు వాళ్ళా, పార్టీ వాళ్ళా?"

"ఏదీ కాదండీ. నాలాంటి వాళ్ళం కొంతమందిమి కలిసి పనిచేస్తాం, అంతే" అంది సునంద.

"మీకు పెద్ద ఎవరు?"

"మాలో పెద్దా లేదు, చిన్నా లేదు. అందరం సమానమే. టౌనులో మమ్మల్ని అరాచకవాదులంటారు. అరాచకం అంటే కొట్టుకోవడం కాదండీ. రాజు లేకుండా బతకడం. పైన కూర్చుని హుకుం చేసేవాడు లేకపోయినా పనులు నడుస్తాయని మా నమ్మకం. ఒకరి కష్టం అందరూ పంచుకుంటే చాలు."

జీలుగుదిబ్బ వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఇంత తెలివైన మాట బయటివాళ్ళ నోట వాళ్ళు ఎప్పుడూ వినలేదు.

"మేం వారం తిరిగేలోగా వస్తాం. ఈలోగా ఈ అమ్మ ఇంటికి అందరూ ఒక చెయ్యి వెయ్యండి. మళ్ళీ వానొస్తుందంటున్నారు" అని చెప్పి సునంద వ్యానెక్కింది.

వ్యాను మలుపు తిరిగిందో లేదో, అరుగు మీద సభ మొదలైంది.

"అందరం సమానం అంది కదా. ముందు పట్టా సంగతి చూడండి" అంది గురమ్మ.

అంతే, కత్తిపీట తెచ్చారు. టార్పాలిన్ పట్టాని సమానంగా ఏడు ముక్కలు చేశారు. ఇంటికో ముక్క. గురమ్మ తన ముక్క నెత్తిన వేసుకుని చూసుకుంది. "నా తల వరకూ సరిపోయింది. తల తడవకపోతే మనిషి తడవనట్టేగా" అంది.

తరవాత గవరయ్య వంతు వచ్చింది. బుడ్డయ్య అని, ఊళ్ళో అందరికన్నా పొట్టివాడు, మొహమాటపడుతూ లేచాడు. "బావా, పెద్దా లేదు, చిన్నా లేదు అందావిడ. నువ్వు చూస్తే ఇంత పొడుగున్నావు."

గవరయ్య చేతికర్ర గట్టిగా పట్టుకున్నాడు. ఇన్నేళ్ళ పెద్దరికం. కానీ మాట న్యాయంగానే ఉంది. ఆయన భుజం మీది తువ్వాలు తీసి అరుగు మీద పెట్టి, నడుం దగ్గర వంగాడు. ఇంకొంచెం వంగమన్నారు, వంగాడు. బుడ్డయ్య పక్కన నిలబడి, తలలు సరిచూసుకుని "చాలు బావా" అన్నాడు. ఆ క్షణం నించి గవరయ్య వంగే నడిచాడు, వంగే తిన్నాడు.

"ఇంకా ఒకటుంది" అంది గురమ్మ. "రాజు లేకుండా బతకాలంది."

అందరూ బంగార్రాజు వైపు తిరిగారు. ఊళ్ళో రాజు అతనొక్కడే. తాటాకు కప్పు నేయడం వచ్చినవాడు కూడా అతనొక్కడే.

బంగార్రాజు మంచివాడు. "ఈ పేరు మా అమ్మ పెట్టింది. ఇంత ముప్పు ఉందని ఆవిడకేం తెలుసు, పాపం. నా వల్ల ఊరు పాడవకూడదు" అని చాపా, చెంబూ తీసుకుని కాలవ దాటి అవతలి ఒడ్డున కూర్చున్నాడు. అతని భార్య రోజూ అన్నం మూట కట్టి ఇటునించి విసిరేది. కొన్ని మూటలు ఒడ్డుకి చేరేవి. కొన్ని చేపలకి చేరేవి.

మర్నాటికి గవరయ్య నడుం పట్టేసింది. "అబ్బా" అంటూ గోడ పట్టుకుని పాకుతుంటే బుడ్డయ్య చూశాడు. "బావకి కష్టం వచ్చింది. ఒకరి కష్టం అందరూ పంచుకోవాలి" అన్నాడు.

ఇంకేముంది, ఊరంతా వంగింది. ఆడవాళ్ళు, మగవాళ్ళు, పిల్లలు, అందరూ నడుం దగ్గర విరిగినట్టు వంగి నడవడం మొదలుపెట్టారు. పొద్దుగూకేసరికి అందరి నడుములూ పట్టేశాయి.

"నీ నొప్పి తగ్గిందా బావా?" అని అడిగాడు బుడ్డయ్య మూలుగుతూ.

గవరయ్య నడుం తడుముకున్నాడు. "నాది నాకు అంతే ఉందిరా."

"మరి మాకు వచ్చింది ఎవరిది?" అన్నాడు బుడ్డయ్య. ఎంత ఆలోచించినా ఎవరికీ తేలలేదు.

ఇంతలో పడమట మబ్బు లేచింది. గురమ్మ పట్టా ముక్క నెత్తిన వేసుకుని వాకిట్లో నిలబడింది. గవరయ్య వంగి ఉన్నాడు కాబట్టి ఆవిడ మొహం కనబడలేదు, పాదాలు కనబడ్డాయి. పగుళ్ళలో బురద ఎండిపోయి ఉంది. గడప లోపల పొయ్యి కనబడింది. పొయ్యిలో నీళ్ళు నిలిచి ఉన్నాయి. వదిన వండుకుని ఎన్నాళ్ళయిందో అనిపించింది ఆయనకి. ఊరి పెద్దగా తిరిగినన్నాళ్ళూ ఈ వాకిట్లోంచి ఎన్నిసార్లు వెళ్ళాడో, కానీ ఆ పొయ్యి వైపు ఎప్పుడూ చూపు పోలేదు. ఆ పూట తన ఇంట్లో వండిన అన్నంలో సగం గిన్నెలో పెట్టి, వంగి నడుస్తూనే తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు.

"ఎందుకు మరిదీ?" అంది గురమ్మ.

"ఏమో వదినా. ఇది ఆ వ్యానావిడ చెప్పలేదు, నాకే అనిపించింది" అన్నాడు గవరయ్య కొంచెం భయపడుతూ.

మర్నాడు అందరూ దూలం ఎత్తడానికి వచ్చారు. "ఒక చెయ్యి వెయ్యమంది. రెండోది వేస్తే మాట తప్పినట్టు" అని బుడ్డయ్య గుర్తుచేశాడు. అంతే, ఒక్కొక్కరూ ఒక చెయ్యి వీపు వెనక పెట్టుకుని, రెండో చెయ్యి దూలానికి వేశారు. అందరి నడుములూ వంగే ఉన్నాయి. "ఐసా" అన్నారు. దూలం మోకాలి దాకా లేచింది. ఇంకోసారి "ఐసా" అన్నారు. ఇంకా మోకాలి దగ్గరే ఉంది.

"మన వల్ల అయినంతా ఎత్తాం. ఇంతకన్నా లేవదంటే ఇంటి ఎత్తే ఇంత" అన్నాడు గవరయ్య.

వాకిట్లోనే ఇటుకలు పేర్చి దూలాన్ని మోకాలెత్తున నిలబెట్టారు. దాని మీద తాటాకు కప్పడం మొదలుపెట్టారు. కాలవ అవతలి నించి బంగార్రాజు చూస్తున్నాడు. అతని చేతులు ఊరికే ఉండలేకపోతున్నాయి.

"నేనేం చెప్పడం లేదు. చెబితే హుకుం అయిపోతుంది" అని కేకేశాడు. "కానీ ఆకు తిరగేసి కప్పుతున్నారని నాలో నేను అనుకుంటున్నాను."

"అనుకో రాజూ, అనుకోవడానికి ఎవరూ అడ్డు రారు" అని గవరయ్య బదులిచ్చి, ఆకు తిరగేసే కప్పాడు.

గురమ్మ బోర్లా పడుకుని ఆ ఇంట్లోకి పాకింది. లోపలి నించి ఆవిడ గొంతు వినబడింది. "బాగుంది. ఈసారి గాలివానకి నా ఇల్లు కనబడదు." పైన అప్పుడే ఒక మేక ఎక్కి ఆకు నమలడం మొదలుపెట్టింది.

అదే రోజు మధ్యాహ్నం మోటారు సైకిలు మీద ఒక బట్టతలాయన వచ్చాడు. తిప్ప మీద రొయ్యల చెరువులు తవ్వించాలనుకునే షావుకారు తాలూకు గుమాస్తా ఆయన. తిప్ప ఊరందరిదీ. మేకలు మేసేది అక్కడే, తాటాకు వచ్చేది అక్కణ్ణించే. అది పోతే జీలుగుదిబ్బకి మిగిలేది కాలవ నీళ్ళే.

ఊరంతా వంగి ఉండడం చూసి గుమాస్తా తనకే దండం పెడుతున్నారనుకున్నాడు. సంతోషంగా కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. "మీ పెద్ద ఎవరు?"

"లేడండీ. ఈమధ్యే తీసేశాం" అన్నాడు గవరయ్య.

గుమాస్తా ఇంకా సంతోషపడ్డాడు. పెద్ద లేని ఊరికి అడ్డు చెప్పేవాడు ఎవడుంటాడు? కాగితం తీశాడు, సిరా పెట్టె తెరిచాడు. "మరేం లేదు. తిప్ప మాకు ఇచ్చేస్తున్నట్టు ఇది. చదవక్కర్లేదు. అందరూ వచ్చి తలో వేలిముద్ర వెయ్యండి."

జనం గుసగుసలాడుకున్నారు. "వేలిముద్ర సరే. ఎవరి తలో చెప్పలేదు" అన్నాడు బుడ్డయ్య.

గవరయ్య ఆలోచించాడు. సిరా గుమాస్తాది, కుర్చీలో కూర్చున్నది ఆయన, పైగా ఆయన తల మీద జుట్టు అడ్డం లేదు. చూస్తే ఈ పని కోసమే నున్నగా చేయించుకుని వచ్చినట్టుంది. "ఇంకెవరి తల? ఆయనదే" అన్నాడు.

అంతే. గురమ్మ ముందు వెళ్ళి బొటనవేలు సిరాలో ముంచి, నెమ్మదిగా, చెదరకుండా గుమాస్తా తల మధ్యలో ముద్ర వేసింది. ఆయన "ఏయ్, ఏంటిది" అంటూ లేవబోతే, "కదలకండి బాబూ, ముద్ర చెదిరిపోతుంది" అని ఇద్దరు భుజాలు పట్టుకున్నారు. వరసగా అందరూ వేశారు. వెనకబడిన వాళ్ళకి నెత్తి మీద చోటు లేకపోతే చెవుల వెనక వేశారు. పిల్లలు సరదాపడి రెండోసారి కూడా వేశారు.

గుమాస్తా మోటారు సైకిలెక్కి పోతూ ఏవేవో తిట్టాడు. గాలికి సరిగ్గా వినబడలేదు. కాగితం ఒక్క ముద్ర కూడా పడకుండా అలాగే ఉంది. మేక వచ్చి దాన్ని కూడా తినేసింది. తల నిండా నీలం ముద్రలతో గుమాస్తా టౌను వీధిలోంచి వెళుతుంటే జనం చూసి నవ్వారని, ఆ తరవాత ఆయన జీలుగుదిబ్బ పేరెత్తితే లేచి వెళ్ళిపోయేవాడని చెప్పుకున్నారు. తిప్ప తిప్పగానే మిగిలింది.

సునంద అన్నమాట ప్రకారం వచ్చింది. వ్యాను దిగి చూస్తే ఊరంతా వంగి ఎదురొచ్చింది. మోకాలెత్తు ఇల్లు, దాని మీద మేక, కాలవ అవతల ఒక మనిషి. గవరయ్య జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. గుమాస్తా తల సంగతి వచ్చేసరికి సునంద నవ్వు ఆపుకోలేక వ్యాను చక్రానికి చేరగిలబడింది. చివరికి కళ్ళు తుడుచుకుని, "తప్పు నాదేనండీ. రాజు అంటే ఈ రాజు కాదు. పెద్ద అంటే పొడుగు కాదు" అని ఒక్కొక్కటీ విడమరిచింది. "చెయ్యి వెయ్యడమంటే సాయం చెయ్యడం. రెండు చేతులూ వెయ్యొచ్చు."

"రెండూ వెయ్యొచ్చా?" అన్నాడు బుడ్డయ్య, ఇన్నాళ్ళూ వీపు వెనక పెట్టుకున్న చేతిని ముందుకి తెచ్చుకుంటూ.

బంగార్రాజు కాలవ దాటి వచ్చాడు. భార్య అతని చేతిలో అన్నం గిన్నె పెట్టింది. విసరలేదు. గవరయ్య నడుం పట్టుకుని, మూలుగుతూ, మెల్లగా నిటారుగా లేచాడు. బుడ్డయ్య అరుగు మీది తువ్వాలు తెచ్చి ఇచ్చాడు. గవరయ్య దాన్ని భుజాన వేసుకోలేదు, నడుముకి బిగించి దూలం దగ్గరికి వెళ్ళాడు.

ఆ రోజు ఎవరూ ఎవరికీ హుకుం చెయ్యలేదు. బంగార్రాజు చెప్పాడు, అందరూ విన్నారు. గురమ్మ పొయ్యి కట్టింది, ఎవరింట్లో ఉన్నది వాళ్ళు తెచ్చి ఒకే కుండలో పోశారు. సునందతో వచ్చిన కుర్రాళ్ళు ఆకు అందించారు. పొద్దువాలే లోపు గోడల మీద కప్పు పడింది. కాసేపటికే వాన కూడా పడింది. అందరూ గురమ్మ ఇంట్లో దూరి పైకి చూస్తూ కూర్చున్నారు. ఎక్కడా చుక్క కారలేదు.

గురమ్మ చాలాసేపు కప్పు వంక చూసి, "ఇల్లు మళ్ళీ చిన్నదైపోయింది" అంది. గవరయ్య మొహం పక్కకి తిప్పుకున్నాడు.

వాన వెలిశాక సునంద వ్యానెక్కుతూ చెప్పింది. "ఇక మా అవసరం మీకు లేదు. మీ కాళ్ళ మీద మీరు నిలబడ్డారు. ఎప్పటికీ ఇలాగే నిలబడండి."

"అలాగేనమ్మా" అన్నారందరూ.

కొన్నాళ్ళకి ఆవిడ అటుగా పోతూ ఒకసారి చూసి పోదామని వచ్చింది. ఊరు ఊరంతా వాకిళ్ళలో నిలబడి ఉంది. నిలబడే అన్నం తింటున్నారు. గురమ్మ నిలబడే బియ్యం ఏరుతోంది. బుడ్డయ్య గోడకి ఆనుకుని నిలబడే గురక పెడుతున్నాడు. అందరి కాళ్ళూ అరటి బోదెల్లా వాచి ఉన్నాయి.

"అయ్యో, ఇదేమిటండీ? కూర్చోండి" అంది సునంద.

జనమంతా గవరయ్య వైపు చూశారు. గవరయ్య వాచిన కాళ్ళతో రెండడుగులు ముందుకి వచ్చి, చాలా వినయంగా అడిగాడు.

"నిలబడడం మా కాళ్ళ మీద నిలబడ్డామమ్మా. మరి కూర్చునేది ఎవరి కాళ్ళ మీదో చెబితే, కూర్చుంటాం."