పల్లాలమ్మగారి కిటికీ

పల్లాలమ్మగారి ముగ్గురు కొడుకులూ మహా తెలివైనవాళ్ళు. ఈ మాట ఊళ్ళో ఇంకెవరూ అనకపోవడంతో పాపం వాళ్ళే రోజూ అనుకోవాల్సి వచ్చేది. పెద్దవాడు గవర్రాజు అరుగు మీద కూర్చుని, "మనింట్లో తెలివి తాతల నాటిదిరా" అనేవాడు. నడిపివాడు తాతబ్బాయి, "అవునన్నయ్యా, అందుకే వాడకుండా భద్రంగా దాచుకున్నాం" అనేవాడు. చిన్నవాడు బుల్లియ్య ఇద్దరికీ తలూపేవాడు. ముగ్గురికీ పెళ్ళిళ్ళు కాలేదు. పిల్లనిచ్చేవాళ్ళకి కూడా కాస్తో కూస్తో తెలివి ఉంటుంది కదా మరి.

ఇల్లు కూడా తాతల నాటిదే. మండువా, పెంకులు అన్నీ బాగానే ఉండేవి గానీ, వంటిల్లు మాత్రం చీకటి గుయ్యారం. కిటికీ అన్నది లేదు. పొయ్యిలో కట్టెలు రాజేస్తే పొగ పోయే దారిలేక గదంతా తిరిగి తిరిగి పల్లాలమ్మగారి కళ్ళలో దూరేది. పోపులో ఆవాలు చిటపటలాడటం ఆవిడ వినడమే గానీ, చూసి ఏళ్ళయింది. చారులో ఉప్పు వేసిందో పంచదార వేసిందో కొడుకులని అడిగి తెలుసుకునేది. చివరికి కళ్ళు వాచిపోతే పట్నం తీసుకెళ్ళారు. కంటి డాక్టరు నాన్చకుండా చెప్పాడు.

"ఇంకొన్నాళ్ళు ఇదే పొగలో ఉంటే ఈవిడ చూపు పోతుంది. కిటికీ ఉన్న వంటింట్లో వండమనండి."

గవర్రాజు ఆసుపత్రి మెట్ల మీదే కూలబడి ఏడ్చాడు. ఉత్తుత్తి ఏడుపు కాదు. తెలివి సంగతి ఎలా ఉన్నా, అమ్మంటే ముగ్గురికీ ప్రాణం. ఊరికి రాగానే అప్పన్న మేస్త్రిని పిలిపించారు.

అప్పన్న తొందర మనిషి. గుమ్మంలోంచే వంటింటిని ఓ చూపు చూశాడు. "కిటికీ పెడదావండి, నిలబడి వండుకోడానికి గట్టు కడదావండి, గోడలకి సిమెంటు పూద్దావండి. రేపు నేనొచ్చేసరికి ఈ గదిలో ఏవీ ఉండకూడదండి. అమ్మగారి కంటి ఎత్తు చూసుకుని తూర్పు గోడకి గీత గీసి, అక్కడ కన్నం కొట్టి ఉంచండి. ఆయ్, వస్తానండి" అని సైకిలెక్కేశాడు.

అంతే. ముగ్గురూ నడుం బిగించారు. కుండలు, జాడీలు, రుబ్బురోలు, అటక మీది గుమ్మడికాయలు అన్నీ పెరట్లోకి చేరాయి. గది బోసిపోయింది. గవర్రాజు నాలుగు మూలలూ చూసి, "ఇంక ఏమీ లేదు" అన్నాడు. బుల్లియ్య ముక్కెగరేశాడు.

"ఉంది అన్నయ్యా. ఇంగువ వాసనుంది."

"నిజమేరోయ్! ఏవీ ఉండకూడదన్నాడు కదా మేస్త్రి. వాసన మాత్రం ఎలా ఉంటుంది?"

ఇంకేముంది, ఒకడి తర్వాత ఒకడు లోపలికెళ్ళి రొమ్ము నిండా వాసన పీల్చుకుని, నోరూ ముక్కూ గట్టిగా మూసుకుని, పరుగున పెరట్లోకి వచ్చి వదిలేవాళ్ళు. మధ్యాహ్నానికి కళ్ళు తిరిగి తాతబ్బాయి రుబ్బురోలు మీద పడ్డాడు. నుదురు బొప్పి కట్టినా, వాసన ఒక కొలిక్కి వచ్చిందని సంబరపడ్డాడు.

తర్వాత కంటి ఎత్తు. ఇక్కడే పెద్ద చిక్కొచ్చింది. పల్లాలమ్మగారు నిలబడితే ఒక ఎత్తు, కూర్చుంటే ఒక ఎత్తు, వంగి ఊడుస్తుంటే మరో ఎత్తు.

"వీటిలో అమ్మ అసలు ఎత్తు ఏదిరా?" అన్నాడు తాతబ్బాయి.

"కదిలేదాన్ని కొలిస్తే కొలత కూడా కదిలిపోతుంది. కదలకుండా ఉన్నప్పుడు కొలవాలి" అన్నాడు గవర్రాజు. తమ్ముళ్ళిద్దరూ ఆ మాటకి మురిసిపోయారు.

ఆవిడ ఆ గదిలోనే చాప వేసుకుని కునుకు తీసేదాకా కాచుకున్నారు. బుల్లియ్య నేల మీద బోర్లా పడుకుని, మూసి ఉన్న కళ్ళకి సూటిగా గోడ మీద బొగ్గుతో గీత గీశాడు. నేలకి జానెడెత్తు. అక్కడే గునపంతో కన్నం కొట్టారు. మొదట లోపలికొచ్చింది వెలుగు కాదు, పక్కింటి కోడి.

తెల్లారి మేస్త్రి వచ్చి చూసి నెత్తి పట్టుకున్నాడు. "కిటికీ పెట్టమన్నానా, కోళ్ళగూడు పెట్టమన్నానా?"

"అమ్మ కంటికి సూటిగా ఉందో లేదో నువ్వే పడుకుని చూడవయ్యా" అన్నాడు గవర్రాజు.

అప్పన్న ఆ కన్నం పూడ్చేశాడు. పల్లాలమ్మగారిని నిలబెట్టి, తనే కొలిచి, రెండు రెక్కల చక్కని కిటికీ బిగించాడు. నున్నటి గట్టు కట్టి గోడలకి సిమెంటు పూశాడు. గదిలోకి ఎండ వచ్చింది. పల్లాలమ్మగారు గట్టు నిమిరి, "ఒరేయ్, ఈ గోడకి బల్లుందిరా! నాకు కనపడిందిరా!" అని చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. ఆ క్షణాన కథ ముగిసిపోయి ఉంటే ఎంత బావుండేది. కానీ మేస్త్రి సైకిలెక్కుతూ ఇంకో మాట అన్నాడు.

"గోడ పచ్చిగా ఉందండి. పొగ తగలనివ్వకండి. పచ్చి గోడకి దెబ్బ కూడా తగలకూడదు, గుర్తెట్టుకోండి."

గుర్తుపెట్టుకోవడంలో వాళ్ళని మించినవాళ్ళు లేరు. ఎన్నాళ్ళని మేస్త్రి చెప్పలేదు, వీళ్ళు అడగలేదు. అంతే, పొయ్యి పెరట్లోకి వెళ్ళిపోయింది. పల్లాలమ్మగారు ఆరుబయట వండటం మొదలుపెట్టింది. గోడలు ఆరాయి, వెల్ల వేశారు, వెల్ల కూడా ఆరింది. పొయ్యి మాత్రం లోపలికి రాలేదు.

విచిత్రమేమిటంటే ఆవిడకి అక్కడ హాయిగా ఉంది. పొగ ఆకాశంలోకి పోయేది. కళ్ళ వాపు తగ్గింది. ఒకరోజు పోపు వేస్తూ, "ఒరేయ్, ఆవాలు ఎగురుతున్నాయి చూడండిరా!" అని కేక పెట్టింది. ముగ్గురూ మూకుడు చుట్టూ చేరి, ఆవాలన్నీ మాడిపోయేదాకా చూశారు. అమ్మ నవ్వుతుంటే గవర్రాజు ఇంకో గుప్పెడు ఆవాలు వేశాడు.

సరిగ్గా అప్పుడే గాలి తిరిగింది. పెరట్లో పొగ తిన్నగా వెళ్ళి కొత్త కిటికీలో దూరింది.

"అన్నయ్యా! గోడలకి పొగ!" అని బుల్లియ్య గావుకేక పెట్టాడు. రెక్కలు మూశారు. సందుల్లోంచి దూరింది. దుప్పటి అడ్డం పట్టారు. దుప్పటి నల్లబడింది. మండువాలో సభ జరిగింది.

"పొగకి బయటికి దారి ఉండబట్టేగా లోపలికి వస్తోంది? దాన్ని పుట్టిన చోటే కట్టేద్దాం" అన్నాడు గవర్రాజు.

ఇంకేముంది! మట్టి తొక్కి పొయ్యి చుట్టూ నాలుగు గోడలు లేపారు. పొగ గోడ దాటి వచ్చింది. పైన వాసాలేసి తాటాకు కప్పారు. ఒక్క వాకిలి వదిలారు. దానికీ తలుపు పెట్టారు. ఇంట్లోని కొత్త వంటింటి వైపు నుంచి కూడా జాగ్రత్త పడాలి కదా, కిటికీ ఊడబీకి ఆ కంతని ఇటుకలతో మూసేశారు. దాంతో కొత్త వంటిల్లు చీకటైపోయింది. అయితేనేం, పొగ వాసన ఎరగని వంటిల్లని చుట్టాలకి లాంతరు పట్టుకుని మరీ చూపించేవాళ్ళు.

పాకలో పల్లాలమ్మగారికి మళ్ళీ కళ్ళమ్మట ధారలు. తలుపు తోసుకుని బయటికొచ్చి దగ్గుతూ అంది.

"ఒరేయ్ పెద్దోడా, పాక బావుందిరా. మరి నా కిటికీ ఏదిరా?"

గవర్రాజుకి డాక్టరు మాట గుర్తొచ్చింది. అమ్మ వండే చోట కిటికీ లేదు! బుల్లియ్య గునపం కోసం పరిగెత్తాడు.

"ఆగరా వెధవా!" అని గవర్రాజు వాడి రెక్క పట్టుకున్నాడు. "పచ్చి గోడకి దెబ్బ తగలకూడదని మేస్త్రి చెప్పలా?"

"మరి అమ్మ కళ్ళో?"

"కిటికీ మన దగ్గరే ఉందిగా. గోడకి దెబ్బ తగలకుండా పెడదాం."

ఈసారి పొరపాటు చెయ్యలేదు. అమ్మని నిలబెట్టే కంటి ఎత్తు కొలిచారు. ఊడబీకిన కిటికీని చట్రంతో సహా తెచ్చి, పాక వాసానికి పగ్గం కట్టి, మట్టిగోడకి ఆనించి, సరిగ్గా ఆ ఎత్తున వేలాడదీశారు. తాతబ్బాయి దూరంగా నిలబడి, వంకర లేకుండా సరిచేయించాడు కూడా.

పల్లాలమ్మగారు రెండు రెక్కలూ తెరిచింది. అవతల మట్టిగోడ. ఆవిడ దాన్ని కాసేపు తేరిపార చూసింది. తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుని, "డాక్టరు చెప్పిన కిటికీ పెట్టేశారురా నా బంగారాలు" అని ముగ్గురి తలలూ నిమిరింది.

అప్పట్నుంచి ఆవిడ పొద్దున్నే ఆ రెక్కలు తెరిచి, పొగ పోతుందని నమ్మకంగా పొయ్యి రాజేస్తోంది. చారులో ఉప్పు వేసిందో పంచదార వేసిందో మళ్ళీ కొడుకులనే అడుగుతోంది. వాన మబ్బు పట్టిందని ఎవరైనా చెబితే మాత్రం, ఎంత పనిలో ఉన్నా తడుముకుంటూ వెళ్ళి ఆ రెక్కలు మూసేస్తుంది, జల్లు లోపలికి కొడుతుందని.