ఉప్పు చూడటం తినడం కాదన్న అచ్చియ్యమ్మ

అనగనగా ఒక ఊరు. మరీ అంత అనగనగా కాదులే, చిట్టీ. పందొమ్మిది వందల యాభై ఆరు, మే పదమూడు, ఆదివారం. పొద్దున్నే ఎండ పెటపెటలాడింది. మధ్యాహ్నానికి ఈదురుగాలి లేచి పందిట్లో తాటాకులు గలగలలాడాయి. చినుకు మాత్రం పడలేదు. ఆ గాలికి మునసబు గారి తలపాగా ఎగిరి ఆవు కొమ్ముకి చిక్కుకుంది. ఆ కథ ఇంకోసారి చెబుతాను.

అది మునసబు గారి పెద్దబ్బాయి పెళ్లి. వంట మా అమ్మ అచ్చియ్యమ్మది. అంటే నీకు తాతమ్మ. చుట్టుపక్కల పన్నెండు ఊళ్ళలో పెళ్లి వంటంటే ఆవిడే. నేలలో పొడుగ్గా గొయ్యి తవ్వి గాడిపొయ్యి పెట్టి, దాని మీద గంగాళాలు వరసగా ఎక్కించేది.

ఆ రోజు రెండో బంతి నడుస్తుండగా అమ్మకి కడుపులో మెలిపెట్టింది. గరిటె పడేసి, చెంబు పట్టుకుని పొలం వైపు పరుగెత్తింది. తిరిగొచ్చేసరికి పప్పు మాడిపోయింది.

మునసబు గారు ఒకటే మాట అన్నారు. "మాఘంలో మా అమ్మాయి పెళ్లి. చివరి బంతి దాకా నిలబడగలిగితే రా. లేదంటే పట్నం వాళ్లని పిలుచుకుంటాను."

ఆయన పిలిస్తే పన్నెండు ఊళ్ళూ పట్నం వాళ్లనే పిలుస్తాయి. అది అమ్మకి తెలుసు.

అప్పుడు పట్నం వెళ్లి డాక్టరుకి చూపించుకుంది. ఆయన అన్నీ పరీక్ష చేసి చెప్పారు. "పుండు లేదు, పురుగులు లేవు. నీ పేగులు అత్తిపత్తి ఆకుల్లాంటివమ్మా, కొన్నిటికి ముడుచుకుంటాయి. వేటికో నువ్వే కనిపెట్టాలి. ఒక్కొక్కటే మాని చూడు."

అమ్మకి రాయడం రాదు. వంటింటి గోడ మీద బొగ్గుముక్కతో తిన్న ప్రతిదానికీ ఒక బొమ్మ వేసేది. నొప్పి వచ్చిన రోజున సున్నా చుట్టేది. మా అమ్మ వేసిన వంకాయ అచ్చం ఎలకలా ఉండేది.

మొదట పాలు మానింది. తగ్గలేదు. ఆ తర్వాత శనగపప్పు మానింది. తగ్గలేదు. ఆ తర్వాత వెల్లుల్లి మానింది. ఊహూఁ, పెళ్లి వంటకి వెళ్లొచ్చిన ప్రతిసారీ సున్నానే. ఇవేవీ కావని తేల్చేసి మూడూ మళ్ళీ తినడం మొదలుపెట్టింది.

మా సూరప్పడు మావయ్య గుమ్మంలో కూర్చుని, "గోడ నల్లబడింది గానీ కడుపు కుదుటపడలేదే, అక్కా!" అని నవ్వేవాడు.

"రాళ్లు తిన్నా అరిగే కడుపు నీది. నీకేం తెలుస్తుందిరా?" అనేది అమ్మ.

కార్తీకంలో ఒక చిన్న పెళ్లికి మా వరాలు వదిన అమ్మతో వెళ్లింది. కొత్త కోడలు. ఊరికే ఉండక అన్నీ గమనించేది. మర్నాడు గోడ ముందు నిలబడి అడిగింది.

"అత్తా, నిన్నటి గోంగూర పచ్చడి బొమ్మేదీ?"

"నేను తింటేగా! నిన్నంతా గంజే తాగాను, అయినా మెలిపెట్టింది."

"అరచేతిలో వేసుకుని నాకావుగా. పచ్చడి, కూర, చారు, అన్నీ వెల్లుల్లి వేసినవే. ఇరవై ఆరుసార్లు. నేను లెక్కపెట్టాను."

"అది తినడమా పిల్లా? ఉప్పు చూడటం!"

"నీ నాలిక్కి ఉప్పు చూడటమే అత్తా. ఆ సంగతి నీ పేగులకి ఎవరు చెప్పారు?"

అమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. ముప్పై ఏళ్ళుగా గరిటె పట్టిన మనిషికి ఉప్పు చూడటం తిండి కిందకి వస్తుందని తోచలేదు.

అప్పుడు మూడు వారాలు వెల్లుల్లి నాలిక మీద కూడా పెట్టలేదు. సున్నాలు పలచబడ్డాయి. ఆ తర్వాత కావాలనే నాలుగు రెబ్బలు తిని చూసింది. సాయంత్రానికి మెలిపెట్టింది. అంతే, తేలిపోయింది. నొప్పి పూర్తిగా పోయిందని నేననను. కంగారు పడ్డ రోజున కాస్త గుడగుడలాడేది. కానీ ఎందుకో తెలిసింది కాబట్టి భయం పోయింది.

మాఘం వచ్చింది. అమ్మ పందిట్లో, అంతమంది మగాళ్ల ముందు గొంతెత్తి చెప్పింది. "బాబూ, నా పేగులకి వెల్లుల్లి పడదు. అది వేసిన వంటలకి మా కోడలు ఉప్పు చూస్తుంది."

ఆ రోజుల్లో ఆడవాళ్లు కడుపు మాట బయటికి చెప్పేవాళ్లు కాదు. ఎవరో కిసుక్కుమన్నారు.

"రుచి చూడని వంటమనిషిని నేనెక్కడా చూళ్ళేదే!" అన్నారు మునసబు గారు.

"ఇవాళ చూడండి," అంది అమ్మ.

ఆవిరి మొహానికి తగిలేలా వంగి వాసన పట్టేది. వదిన నాకి, చాలకపోతే ఒక కన్ను మూసేది. సరిపోతే తలూపేది. మొదటి బంతి లేచింది. రెండోది లేచింది. ఎనిమిదో బంతి, ఆఖరిది, అది కూడా లేచింది. అమ్మ గాడిపొయ్యి వదల్లేదు. మునసబు గారు గోంగూర మూడుసార్లు వేయించుకున్నారు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. "ఆవిడ మా అమ్మ" అని పందిట్లో అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పాను.

చాలా ఏళ్లకి అమ్మ పోయింది. గంగాళాలూ, గరిటెలూ, పన్నెండు ఊళ్ళ పిలుపులూ వరాలు వదినవి. ఇల్లు అన్నయ్యది. ఆ అత్తిపత్తి పేగులు నాకొచ్చాయి, వాటిని దాచుకోకుండా నలుగురిలో చెప్పే ధైర్యం కూడా నాకే వచ్చింది. సూరప్పడు మావయ్యకి ఏమీ రాలేదు, కడుపునొప్పితో సహా.

కథ కంచి గడప తొక్కింది,
పొయ్యి బూడిదై పడుకుంది,
చిట్టి కడుపు చల్లబడింది,
మనకి మన ఇల్లు దక్కింది.