తోకతో ఊడ్చిన తేయాకు తోట

కొండవాలు మీద ఎద్దుమామకో తేయాకు తోట ఉండేది. ఆ ఏడు వానలకు ముందే మేకలు కత్తిరింపు పనికి వచ్చి మొక్కల తలలు సమంగా కొరికి వెళ్లాయి. రాలిన కొమ్మలూ ఆకులూ ఎప్పటిలాగే మొక్కల మొదట్లో దట్టంగా పడి ఉన్నాయి. అడవికోడి తన ఆరు పిల్లల్నీ ఆ ఆకుల్లోనే దాచి పెంచుకుంటోంది.

నక్కబావకు అదే కడుపుమంట. పిల్లల వాసన వస్తోంది గానీ ఒక్కటీ దొరకదు. మూడు రోజులు ఆకుల్లో ముక్కు పెట్టి వెతికితే పుల్లలు గుచ్చుకుని మూతి వాచింది. నాలుగో రోజు తిన్నగా ఎద్దుమామ దగ్గరకు వెళ్లాడు.

"ఏంటి మామా, తోటా ఇది, పెంటకుప్పా? చూసినవాళ్లు నవ్విపోతారు!"

ఎద్దుమామకు పరువంటే ప్రాణం. కొట్టం ముందు రోజూ ఊడిపించి కళ్లాపి చల్లించే రకం. "ఏం చెయ్యమంటావురా?" అన్నాడు.

"నేనుండగా నీకెందుకు బెంగ? నా తోక చూడు, కొత్త చీపురులా లేదూ! తోటంతా ఊడ్చిపెడతా. కూలి కూడా వద్దు."

ఊరికే చేస్తాననేసరికి మామ చెవులు నిక్కబొడుచుకున్నాయి.

ఆ మాటలు అడవికోడి చెవిన పడ్డాయి. ఆకులు పోతే ఆరుగురూ నక్క పొట్టలోకే. పరుగున వచ్చి, "మామా, తోట వాకిలి కాదు ఊడవడానికి! ఆకు కింద తేమ ఉంది, వానపాములున్నాయి. ఆ ఆకు కుళ్లితేనే నీ మొక్కకు కూడు. ఉత్త నేల మీద వాన పడితే మట్టి నిలుస్తుందా?" అంది.

"నువ్వూరుకోవే. నీకు గీరుకోడానికి చెత్త కావాలి, అంతేగా!"

మంచిమాటకు మామ లొంగడని కోడికి తేలిపోయింది. కాసేపు మట్టి గీరుతూ ఆలోచించి, "సరే, ఊడిపించు. బావ బొరియకు పైనున్న నాలుగు వరసలతో మొదలెట్టమను. ఒక్క వాన చూద్దాం. బాగుంటే మిగతాది నేనే దగ్గరుండి ఊడిపిస్తా" అంది.

"అదీ మాట!" అన్నాడు మామ.

నక్క సరేనని తోక జాడించాడు. ఒక్క వానే కదా, తర్వాత విందే అనుకుని లొట్టలేస్తూ ఊడ్చాడు. ఆకూ అలమూ అంతా పక్క లోయలోకి తోసేశాడు. మామ మురిసిపోయి రెండుసార్లు వెనక్కి వచ్చి మరీ చూసుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం వాన దంచికొట్టింది. ఆకులున్న వరసల్లో నీళ్లు మెల్లగా ఇంకిపోయాయి. ఊడ్చిన వరసల్లో మట్టి నీళ్లతో పాటు జారి, నేరుగా నక్క బొరియలోకి దిగింది. లోపల కునుకు తీస్తున్న బావ దగ్గుకుంటూ తుమ్ముకుంటూ బయటపడేసరికి తోక బురద ముద్దయింది, బొరియ పూడిపోయింది.

ఎద్దుమామ వచ్చి చూస్తే మొక్కల వేళ్లు బయటికి తేలి ఉన్నాయి. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "నీ మాట వినకపోతినే, కోడమ్మా!" అని, కొమ్ములు నక్క వైపు తిప్పాడు. "ఊడ్చింది నువ్వేగా, మోసేదీ నువ్వే. మట్టి పైకి చేర్చు, దాని మీద ఆకు పరుచు!"

నక్క వారం పాటు బుట్ట నోట కరుచుకుని వాలు ఎక్కుతూనే ఉన్నాడు. నాకైతే జాలి కలగలేదు. పక్క వరస ఆకుల్లోంచి ఆరు చిన్న తలలు లేచి, "మట్టి ఇటు పొయ్యి మావయ్యా, ఇటు!" అని పని పురమాయించేవి. నోట్లో బుట్ట ఉండబట్టి నక్క కరవనూ లేకపోయాడు, తిట్టనూ లేకపోయాడు.

నేల ఒంటి మీది దుప్పటి లాగితే, ముందు వణికేది లాగినవాడే.